తాయెత్తు వెనుక వైపు

గురువమ్మ హెరాయిస్ ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పేది కాదు. చేతిలో చెక్కుతున్న రాయిని నీళ్ళగిన్నెలో ముంచి, ఆ నీళ్ళు తేరుకునేదాకా ఊరుకునేది. ఈలోగా అడిగినవాళ్ళలో సగం మంది ప్రశ్నే మరిచిపోయేవారు. మిగిలిన సగానికే తాను గురువునని ఆమె నవ్వుతూ అనేది.

అది రోము చక్రవర్తుల ఏలుబడిలోని అలెగ్జాండ్రియా. రేవు వెనుక సందులో ఐసిస్ దేవత చిన్న గుడి, దాని వసారాలోనే ఆమె తాయెత్తురాళ్ళు చెక్కే చోటు. సముద్రం మీది వెలుతురు గోడలపై మెల్లగా ఊగుతుంటే, అక్కడ కూర్చున్నవాళ్ళకు తాము మేలుకుని ఉన్నామో కల కంటున్నామో తెలిసేది కాదు. శిష్యుడు పెటోసిరిస్‌కు మాత్రం అలాంటి మైమరుపులు లేవు. యాభై ఏళ్ళవాడు. ముప్ఫై ఏళ్ళు వర్తకుల ఉంగరాలకు ముద్రలు చెక్కి, వెంట్రుకవాసి తేడా కూడా ఓర్చుకోలేని మనిషయ్యాడు. దేవతలు సైతం పనితనం చూసే కరుణిస్తారని అతని నమ్మకం.

అతను దీక్ష కోరి వచ్చింది కూతురి కోసం. థెర్మూతిస్‌కు రెండు కాన్పులు పోయాయి. ఇది మూడోది. ఆమెకని నల్లటి రక్తశిల మీద, ముందువైపు గర్భాన్ని కుండలాగా, దాని కింద, వేళ వచ్చాకే దాన్ని తెరిచే ఒక తాళంచెవిని చెక్కాడు. వెనుక వైపు, ఒంటికి ఆనుకునే వైపు, ఐసిస్ అమ్మవారి రహస్యనామం చెక్కాలి. ఏడు రోజుల ఉపవాసం ముగిశాకే ఆ పేరు గురువు శిష్యుడి చెవిలో చెబుతుంది. అప్పటికి నాలుగు రోజులే గడిచాయి.

"అమ్మా, కాపాడేది రాయా, బొమ్మా, పేరా?" అని అడిగాడు ఆ మధ్యాహ్నం.

హెరాయిస్ అతని రాయిని నీళ్ళలో ముంచింది. రాయి నల్లదే గాని, దాని పొడి ఎర్రన. గిన్నె నెత్తురు రంగుకు తిరిగింది. అది తేరుకోకముందే పొరుగింటావిడ రొప్పుతూ వచ్చింది. థెర్మూతిస్‌కు నెల ముందే నొప్పులు మొదలయ్యాయట.

"ఆ పేరు చెప్పమ్మా! నీ కాళ్ళు పట్టుకుంటాను, ఇప్పుడే చెక్కేస్తాను" అన్నాడు పెటోసిరిస్.

ఆమె గిన్నెలోంచి రాయి తీసి అతని చేతిలో పెట్టింది. "ఇలాగే తీసుకెళ్ళు" అంది. దాని ఎర్రటి బురదైనా తుడవలేదు.

మంచం మీద కూతురు చెయ్యి చాపింది. "నాన్నా, పేరు చెక్కావా?"

"చెక్కాను తల్లీ" అన్నాడు. బిడ్డతో అతనాడిన మొదటి అబద్ధం అదే. ఆమె రాయిని పిడికిట బిగించి, బొటనవేలు వెనుక వైపు నొక్కిపెట్టింది. మంత్రసాని అతన్ని బయటికి పంపేసింది.

గడప అవతల కూలబడ్డాడు. దేవత పేరు తెలియదాయె. లోపలినుంచి కేక వినబడినప్పుడల్లా పిచ్చివాడిలా కూతురి పేరే గొణుక్కున్నాడు. ఎండ గోడ దిగి, వీధి దాటి, ఎదుటి మేడ ఎక్కింది. అది చల్లారే వేళకు పిల్లికూన అరిచినట్టు సన్నటి ఏడుపు వినిపించింది. ఇద్దరూ బతికారు. పెటోసిరిస్ వీధిలోనే సిగ్గు లేకుండా భోరుమన్నాడు.

ఉపవాసం మాత్రం విడవలేదు. ఏడో రోజు వచ్చి, తాయెత్తును గురువు ముందుంచాడు.

"అబద్ధమాడానమ్మా. నా బిడ్డ ఉత్త రాయిని పట్టుకుని చావుతో పెనుగులాడింది. ఇప్పుడైనా పేరు చెప్పు, చెక్కి నా తప్పు దిద్దుకుంటాను."

హెరాయిస్ ఆ రోజు రాయిని నీళ్ళలో ముంచలేదు. వెనక్కి తిప్పి వెలుతురులోకి పట్టుకుంది. నల్లటి నునుపు మీద ఎర్రటి పొడి చెమటతో కలిసి ఎండిపోయింది. అందులో ఒక బొటనవేలి గీతలు, వంపులో వంపుగా, ఏ ఉలికీ అందనంత సన్నంగా నిలిచి ఉన్నాయి. పెటోసిరిస్ వాటిని చూశాడు. ముప్ఫై ఏళ్ళ పనివాడి కళ్ళతో, చాలాసేపు చూశాడు.

"చెక్కడానికి చోటెక్కడుంది నాయనా?" అంది ఆమె.