రెండు గ్రూపుల కిచిడీ

రెండు రోజులుగా దస్తగిరి మనసు మనసులో లేదు. దర్గాకు వచ్చేవాళ్లందరినీ కలపాలని ఫోన్లో గ్రూపు పెట్టింది అతనే. ఊరంతా ఒకటైపోయిందని గురువు బుడేసాహెబ్ బాబా దగ్గర గొప్పలు చెప్పుకున్నదీ అతనే. మొన్న ఆ గ్రూపులో గంధం ఊరేగింపు ఫొటో పెట్టాడు. అందులో పడమటి వీధివాళ్ల తలకాయలు తెగిపోయాయి.

"మేమంటే మొండేలా?" అని రాశారు పడమటి వీధి నుంచి.

"తలలుంటేగా ఫొటోలో పడటానికి!" అని రాశారు తూర్పు వీధి నుంచి.

తెల్లారేసరికి ఒక గ్రూపు రెండయింది. నలభై ఏళ్లుగా ఒకే డేగిసాలో ఉడికిన ఉరుసు కిచిడీని ఈసారి ఏ వీధికావీధి వండుకుంటామన్నారు.

"ఈ ఫోన్ని బావిలో పారేస్తాను బాబా!"

"ఆ నీళ్లు తాగాలి కదరా," అన్నారు బాబా పొయ్యిరాళ్లు సర్దుతూ. "రెండు గ్రూపుల్లోనూ నువ్వున్నావా?"

"ఉన్నాను. రెండు చోట్లా తిడుతున్నారు."

"మంచిది. నా మాటగా తూర్పు వీధికి రాయి. రేపు పొద్దున కిచిడీకి ఇంటికో సోలెడు బియ్యం తెమ్మను. పడమటి వీధికి రాయి. ఇంటికో గుప్పెడు పెసరపప్పు తెమ్మను."

"అదేంటి బాబా, వాళ్లకొకటీ వీళ్లకొకటీ..."

"రాయరా."

పొద్దున్నే తూర్పు వీధి పెంచలయ్య బియ్యం మూటతో వచ్చాడు. అదే సమయానికి పడమటి వీధి హుసేన్‌బీ పప్పు గిన్నెతో వచ్చింది. ఇద్దరి వెనకా రెండు వీధులూ ఉన్నాయి.

పెంచలయ్య పొయ్యి మీది డేగిసాలోకి తొంగిచూశాడు. "పప్పేది బాబా?"

"అదిగో, ఆమె దగ్గర."

"మరి బియ్యం?" అంది హుసేన్‌బీ.

"అదిగో, అతని దగ్గర."

డేగిసాలో నీళ్లు మాత్రం మరుగుతున్నాయి. హుసేన్‌బీ మూట విప్పి చూసింది.

"ఇన్ని రాళ్లేంటి పెంచలయ్యా? ఏరకుండానే మోసుకొచ్చావా?"

"కిందటేడు నీ పప్పులో పురుగులు ఏరింది ఎవరు వదినా? నేను కాదూ!"

ఎవరో పకపకా నవ్వారు. ఎవరో చేటలు తెచ్చారు. మధ్యాహ్నానికి డేగిసా చుట్టూ ముప్పై మంది చేరి, ఉప్పు చాల్లేదని కొందరూ ఎక్కువైందని కొందరూ వాదించుకుంటున్నారు.

దస్తగిరి సంబరంగా ఫోన్ తీశాడు. "బాబా, రెండు గ్రూపుల్నీ మళ్లీ ఒకటి చేసేయనా?"

బాబా గరిటె తిప్పుతూనే అన్నారు.

"ఎందుకురా? వచ్చే ఏడు బియ్యం ఒకరూ పప్పు ఒకరూ తేవద్దూ!"