జకరయ్య సొంత సరుకు

వెలగవాడ రాజావారికి ఆ ఏడు కోడిపందేలు మొహం మొత్తాయి. ఇక మాటల పందేలు పెట్టించండి అన్నారు. ఆయనకు బుద్ధి పుడితే ఆపగలిగేది రాణిగారొక్కరే. ఆవిడకేమో ఈ పందెం చూడాలని మహా సరదాగా ఉంది!

పందెం దేనిమీదంటారా? ఊళ్లో పాతిక గడపల క్రైస్తవులకు రాజావారు ప్రార్థన మందిరం కట్టించారు. పెంకులు నేయించారు, సున్నం వేయించారు, గంట కూడా వేలాడదీయించారు. తీరా తాళంచెవి ఎవరి చేతిలో పెట్టాలనే దగ్గర పేచీ వచ్చింది.

పదకొండేళ్లుగా గడపగడపకీ తిరిగి వాక్యం చెప్పింది దీవెనమ్మ. ఊరంతా ఆమెను బైబిలమ్మ అంటారు. కాన్పులకు వెళ్లింది, జ్వరాల దగ్గర కాపలా కూచుంది, అంతఃపురంలో రాణిగారికి చదువూ నేర్పింది. జకరయ్య ఉపదేశి వచ్చింది మొన్న మొన్న. కొత్త కోటు, జరీ తలపాగా, గంట అవసరం లేని గొంతు. భోజనానికి పిలిచి ప్రార్థన చేయమన్నారో, అన్నం చల్లారిపోవాల్సిందే.

"ఆడది ముందు నిలబడి బోధించడమేమిటి మహాప్రభూ? చాప మీద కూచుని వినాలి గానీ! తాళంచెవి నాకిప్పించండి, ఆ గురువారం ఆడవాళ్ల కూటం కూడా మాన్పించేస్తాను" అని ఆయన రాజావారికి అర్జీ పెట్టుకున్నాడు.

అది విని దీవెనమ్మ గుండెలో రాయి పడింది. గురువారం కూటమంటే ఆమెకు ప్రాణం. ఊడ్పుల నుంచి బురద కాళ్లతోనే వచ్చేవాళ్లు ఆడవాళ్లు. అక్షరాలు దిద్దుకునేవాళ్లు, పాడుకునేవాళ్లు, కష్టం చెప్పుకుని ఏడ్చేవాళ్లు. అది పోతే వాళ్లకింకెక్కడా చోటు లేదు.

రాజావారు తీర్పు చెప్పకుండా మీసం దువ్వారు.

"ఇద్దరూ దర్బారుకి రండి. ఎదుటివాళ్ల నోరు ఎవరు మూయిస్తే తాళంచెవి వాళ్లది."

జకరయ్య నోరు మూయించడమా! వాళ్లావిడ వల్లే కాలేదు పాపం.

దర్బారు నాడు జకరయ్య తన గెలుపు చూడటానికి తల్లి రూతమ్మను కూడా ఊరినుంచి పిలిపించుకున్నాడు. ముసలమ్మ ముందు వరసలో కూచుని కొడుకును చూసి మురిసిపోతోంది. వెదురు తెర వెనక రాణిగారు సర్దుకుని కూచున్నారు.

జకరయ్య అరగంట దంచేశాడు. చివరికి చెయ్యెత్తి, "కాబట్టి మహాప్రభూ, ఆడది నేర్పింది అసలు బోధే కాదు. చెల్లదు! విన్నా విననట్టే!" అన్నాడు.

అప్పటిదాకా నేల చూస్తున్న దీవెనమ్మ తలెత్తింది.

"సరే మహాప్రభూ, ఒప్పుకున్నాను. ఉపదేశిగారు ఆ లెక్క ప్రకారమే ఇక్కడ చిన్న ఆరాధన చేస్తే వినాలని ఉంది. ఆడవాళ్లు నేర్పింది ఒక్క ముక్క కూడా రాకూడదు, అంతే."

"ఓస్, అంతేనా!" అని జకరయ్య కళ్లు మూసుకుని ప్రభువు నేర్పిన ప్రార్థన ఎత్తుకున్నాడు.

"ఆగండాగండి. ఇది మీకెవరు నేర్పారు?"

"ఎవరేమిటి? పేరులోనే ఉందిగా, ప్రభువే నేర్పాడు!"

ముందు వరసలోంచి రూతమ్మ లేచింది. "ఒరేయ్ జకరీ! ప్రభువు నేర్పింది శిష్యులకిరా. నీకు నేర్పింది నేను! ముద్దకో మాట చెప్పించి తినిపించేదాన్ని బాబూ రాజుగారూ, లేకపోతే మింగేవాడు కాదు!"

"చెల్లదు. ఇంకోటి అందుకో" అన్నారు రాజావారు.

జకరయ్య గొంతు సవరించుకుని కీర్తన మొదలెట్టాడు. ఒక్క చరణం పూర్తవలేదు, రూతమ్మ కళ్లు తుడుచుకుంది.

"అచ్చం మీ నాయనమ్మ గొంతేరా నాయనా! నిన్ను చంకనేసుకుని ఇదే పాడేది."

"చెల్లదు!"

తెర వెనక గాజులు గలగలలాడాయి. జకరయ్య గబగబా బైబిలు తెరిచాడు. "ఇది పుస్తకం! దీన్ని నాకు నేనే చదువుకున్నాను!"

"అక్షరాలో?" అంది దీవెనమ్మ.

జకరయ్య తల్లివైపు తిరిగి, "అమ్మా, నువ్వు నోరెత్తకు" అన్నాడు.

"నేనేమన్నానురా? దిబ్బలపేట బడిలో సుగుణమ్మ పంతులమ్మేగా దిద్దించింది? ఎన్నిసార్లు గోడకుర్చీ వేయించిందో, మహాతల్లి!"

దర్బారంతా గొల్లుమంది. జకరయ్యకు ముచ్చెమటలు పట్టాయి. పుస్తకం మూశాడు, తెరిచాడు, మళ్లీ మూశాడు. ఉన్నట్టుండి ఏదో దొరికినట్టు ఛాతీ విరిచాడు.

"ఆడది బోధించకూడదు! ఇదిగో, ఈ మాట ఏ ఆడదీ నాకు నేర్పలేదు. మా అమ్మ నేర్పలేదు, నాయనమ్మ నేర్పలేదు, పంతులమ్మ నేర్పలేదు. నాకు నేనే తెలుసుకున్నాను!"

"అది మాత్రం నిజం బాబూ. ఆ దిక్కుమాలిన మాట నేను నేర్పలేదు" అంది రూతమ్మ.

దీవెనమ్మ చేతులు జోడించింది.

"చిత్తం మహాప్రభూ. ఉపదేశిగారి బుర్రలో ఆయన సొంతం ఆ ఒక్క మాటే. మిగతాదంతా మేం పెట్టిందే."

ముందుగా తెర వెనకనుంచి రాణిగారు పక్కున నవ్వారు. ఆ తర్వాత ఇంకెవరు ఆగుతారు! దర్బారు దద్దరిల్లింది. జకరయ్య నోరు తెరిచాడు, మాట రాలేదు, మూసేశాడు.

"మూశాడు! మూశాడు!" అని రాజావారు కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వుతూ గద్దె దిగి వచ్చి తాళంచెవి దీవెనమ్మ చేతిలో పెట్టారు. రాజావారు గొంతు తగ్గించి అన్నారు:

"గురువారం కూటానికి ఒక చాప ఎక్కువ వేయించు తల్లీ. రాణిగారు కూడా వస్తారట."