ఓడకన్నులమ్మ వెలసిన కథ

చుక్కానిరేవుకు వచ్చే యాత్రికులు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. ఇక్కడి అమ్మవారి దర్శనానికి కళ్లు మూసుకుని వెళ్లాలి. గుడి వాకిలి దగ్గర మొదలై గర్భగుడి గడప దాకా నడుము ఎత్తున ఒక మోకు, ఓడలకు కట్టే లావుపాటి తాడు, కట్టి ఉంటుంది. భక్తులు ఆ మోకు పట్టుకుని, కళ్లు మూసుకుని, మెల్లగా నడిచి వెళతారు. గడప కాలికి తగిలినప్పుడు కళ్లు తెరుస్తారు. ఎదురుగా అమ్మ కళ్లు కనిపిస్తాయి.

లోపల రాతి విగ్రహం లేదు. విరిగిన ఓడ ముక్కు ఒకటి ఇసుకలో నిలువుగా నాటుకుని ఉంటుంది. దానికి రెండు వైపులా తెల్లని శంఖాలు పొదిగి ఉంటాయి. ఆ శంఖాలే అమ్మ కళ్లు. కొయ్య నల్లబడి ఇనుములా గట్టిపడింది గాని, కళ్లు మాత్రం ఇప్పుడే కడిగినట్టు ఉంటాయి. కొత్తగా వచ్చినవారు ఇది ఎవరి ఓడ అని అడుగుతారు. ఊరివారు ఎవరిదీ కాదంటారు, కాసేపాగి అందరిదీ అంటారు. రెండూ నిజమే. ఎలాగంటే చెబుతాము.

పూర్వం ఇక్కడ పెద్ద రేవు ఉండేది. ఏరు కడలిలో కలిసే చోటును మొగ అంటారు గదా, ఆ మొగ లోపల ఓడలు నిలిచేవి. ఉప్పు, నూలుబట్టలు, ముత్యాలు ఇక్కడి నుంచి దూరదేశాలకు వెళ్లేవి. రేవు బాగుపడిన కొద్దీ ఓడదొంగల కన్ను కూడా పడింది. మాఘమాసంలో కడలి నెమ్మదించగానే వారు వచ్చి, ఉప్పు కొఠారులు తగలబెట్టి, కండ ఉన్న కుర్రవాళ్లను తెడ్లు లాగించడానికి కట్టి తీసుకుపోయేవారు. రాజుగారి కోట చాలా దూరం. కబురు వెళ్లి సైన్యం వచ్చేసరికి బూడిద కూడా చల్లారిపోయేది.

ఆ రోజుల్లో ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకువచ్చిన గ్రీకు దేశపు యవనుడొకడు ఈ ఊళ్లోనే ఉండిపోయాడు. అతని అసలు పేరు పలకలేక ఊరివారు దీమయ్య అని పిలుచుకున్నారు. ఒకనాడు కొఠారు అరుగు మీద ఊరి పెద్దలు తలలు పట్టుకుని కూర్చుని ఉండగా, ముసలి దీమయ్య తమ ఏథెన్సు పట్టణపు పద్ధతి చెప్పాడు. అక్కడ యుద్ధపు ఓడల భారం ఏటేటా ఊళ్లో కలిగినవారి మీద, పేరు పేరునా పడుతుందట. ఓడ కొయ్య ఊరిదే. దానికి తెరచాప, మోకులు అమర్చడం, తెడ్లు వేసేవారిని కూర్చడం, ఓడను పోరుకు తగినట్టుగా ఉంచడం ఆ ఏడు భారం తన పేరు మీద పడినవాడి పని. అంతటితో సరిపోదు. తానే నాయకుడై ఆ ఓడ ఎక్కాలి.

“డబ్బిచ్చి ఇంట్లో కూర్చుంటే కుదరదా?” అని పెద్దలు అడిగారు.

“కొందరు తమ బదులు కూలికి నాయకుణ్ణి పంపేవారు,” అన్నాడు దీమయ్య. “ఆ ఓడలు ఓడిపోతే ఊరు వాళ్లను క్షమించేది కాదు. మీరు ఆ సందు ఉంచకండి.”

ఇంకో నియమం కూడా చెప్పాడు. పేరు పడినవాడు, ‘ఫలానావాడు నాకంటే కలిగినవాడు’ అని మరొకరిని చూపించవచ్చు. చూపించబడినవాడు ఒప్పుకుంటే ఓడ అతనికి పోతుంది. ఒప్పుకోకపోతే ఇద్దరూ ఇళ్లూ వాకిళ్లూ ఉన్నవి ఉన్నట్టు మార్చుకోవాలి. అప్పుడు వేలు చూపినవాడే, చేతికి వచ్చిన ఆ ఆస్తితో ఓడ నడపాలి. ఇది వినగానే అరుగు మీద నవ్వులు పుట్టాయి. ఇంటితో పాటు అత్తగారు కూడా మారుతుందా అని ఎవరో అడిగారు. అందుకే తమ ఊళ్లో మార్పిడి దాకా వచ్చినవారు బహు కొద్దిమంది అని దీమయ్య నెమ్మదిగా జవాబిచ్చాడు.

నవ్వినా, ఆ పద్ధతి ఊరివారికి నచ్చింది. ఓడ కట్టారు. ఏటా ఒకరిని ఎన్నుకుని ‘ఓడపెద్ద’ అన్నారు. అందరిలోకీ వెన్నమసెట్టి పేరు గొప్పగా వినిపించేది. తన వంతు వచ్చిన ఏడే కాదు, వంతు వచ్చినవారు జబ్బుపడిన ఏడు కూడా అతనే ఓడ ఎక్కాడు. తెడ్లు వేసేవారికి రోజూ పొద్దున్నే అతని వాకిట్లో గంజి పోసేవారు. కడలిలో పోయినవారి ఆడవాళ్లకు, పిల్లలకు కూడా ఆ వాకిలే దిక్కు.

కొన్నేళ్లకు ఓడపెద్దరికం బొల్లనసెట్టి మీద పడింది. బొల్లన ముత్యాల వర్తకుడు, మంచివాడే, ఇచ్చే చెయ్యి గలవాడే. అయితే నీళ్లంటే అతనికి ప్రాణభయం. చిన్ననాడు తండ్రి ఎక్కిన పడవ మొగ దగ్గర ఇసుకమేటకు తగిలి తిరగబడటం ఒడ్డు నుంచి కళ్లారా చూశాడు. ఆనాటి నుంచి కాలు తడవనివ్వలేదు. సరుకు పంపే రోజున మిద్దె ఎక్కి, మొగ ఎక్కడ పూడింది, ఎక్కడ లోతుంది, నురగ ఎక్కడ లేస్తున్నదీ చూసి చూసి గాని పడవ వదలనిచ్చేవాడు కాదు. భార్య కామసాని, “ఆ మొగను చూసినంతగా నా మొహం ఎప్పుడైనా చూశారా?” అని ఎత్తిపొడిచేది.

ఓడకు బంగారు రేకు తొడిగిస్తానన్నాడు బొల్లన. పట్టు తెరచాప ఇస్తానన్నాడు. ఎక్కడం మాత్రం తన వల్ల కాదన్నాడు. పెద్దలు కుదరదన్నారు. అప్పుడతను నలుగురిలో నిలబడి, వెన్నమసెట్టి తనకంటే కలిగినవాడని వేలు చూపించాడు. అతని లెక్క ఏమిటంటే, పుట్టి పెరిగిన ఇల్లు ఎవడూ వదులుకోడు, పైగా వెన్నమకు ఓడ అలవాటే, నవ్వి ఒప్పుకుంటాడు.

వెన్నమ మాత్రం, “ఓడ తీసుకోను. ఇల్లు మార్చుకుంటాను,” అన్నాడు.

నియమం నియమమే. మర్నాడు పొద్దెక్కకముందే రెండు కుటుంబాలూ కట్టుబట్టలతో ఇళ్లు మారాయి. కామసాని దారంతా అతని కంటే పది అడుగులు ముందే నడిచింది. అదే బొల్లనకు ఎక్కువ బాధ.

వెన్నమ ఇంట్లో అడుగుపెడితే పట్టెమంచాలు లేవు, వెండి చెంబులు లేవు. ధాన్యం గదిలో తెరచాపలు, నడవలో తెడ్లు, అటక మీద తారు కుండలు. పెరట్లో గంజి కోసం వచ్చిన మనుషులు. ఇంకో వింత, వాకిలి నుంచి వంటింటి మీదుగా నూతి దాకా నడుము ఎత్తున ఒక మోకు కట్టి ఉంది. చేతులు రాసి రాసి అది నున్నబడింది. బొల్లన ఆ మోకును చూస్తూ నిలబడిపోయాడు.

పెరట్లో తెడ్లవాళ్ల పెద్ద, తండేలు గవిరినాయుడు ఉన్నాడు. “ఏటి సెట్టిబాబూ, ఈపాలి మాయెంట ఒచ్చేది తమరేనా?” అని అడిగాడు. ఆ గొంతులో వెటకారం ఉందో, ఆశ ఉందో బొల్లనకు తెలియలేదు. తన పాత ఇంటికి పరుగెత్తాడు.

గుమ్మానికి రెండు వైపులా తెల్లని శంఖాలు పొదిగిన ఆ ఇంట్లో వెన్నమ ఉయ్యాలబల్ల మీద కూర్చుని ఉన్నాడు. బొల్లన ఊరికే, ముత్యాలు పొదిగిన తలుపులు ఎలా ఉన్నాయని అడిగాడు. వెన్నమ గోడ వైపు తిరిగి, చాలా బాగున్నాయన్నాడు.

“ఎన్నాళ్లయింది?” అన్నాడు బొల్లన.

ఎండా ఉప్పుగాలీ కలిసి తన చూపును ఏళ్ల తరబడి తినేశాయని వెన్నమ చెప్పాడు. ఊరికి తెలిస్తే తెడ్లవాళ్లు చెదిరిపోతారు, తెలియకుండా ఓడ ఎక్కితే వాళ్లను తానే ముంచుతాడు. ఏంచేయాలో తోచక ఉన్నప్పుడు బొల్లన వేలు చూపించాడు. “నా మోకులూ నా మనుషులూ చూపున్నవాడి చేతికి పోతాయి గదా అని ఒప్పుకున్నాను. నీ ఉయ్యాల మీద ఆశతో కాదు.”

“నాకు నీళ్లంటే భయం, వెన్నమా.”

“తెలుసు. నువ్వు మొగను చూసినట్టు ఈ ఊళ్లో ఎవడూ చూడలేదు. అదీ తెలుసు.”

బొల్లన తిరిగి వచ్చి, మిట్టమధ్యాహ్నం, తెరచాపల గుట్ట మీదే వాలి కునుకు తీశాడు. కలలో చేపల తట్టతో ఒక ముసలమ్మ గడపలో కూర్చుంది. ఆమె చీర చెంగు నుంచి నీళ్లు కారుతున్నాయి. “అయ్యా, నా ఓడకు చేతులున్నాయి, కళ్లు లేవు. నీ గుమ్మానికి రెండున్నాయి. తెచ్చి పెట్టు. నువ్వు కూడా రా,” అన్నది. మెలకువ వచ్చేసరికి గడప తడిగా ఉంది. వచ్చినది గంగమ్మ తల్లే అని బొల్లనకు అర్థమైంది. దీమయ్య కూడా తమ దేశపు యుద్ధపు ఓడల ముక్కులకు కళ్లు దిద్దుతారని చెప్పేవాడు.

మళ్లీ వెళ్లి, “నా గుమ్మం మీది శంఖాలు రెండూ కావాలి,” అన్నాడు.

“ఎవరి గుమ్మం?” అని వెన్నమ నవ్వాడు. “సరే, మా గుమ్మానివే, తీసుకో. నన్ను కూడా తీసుకో. చుక్కాని పట్టే చేతులు ఇంకా పోలేదు.”

ఆ శంఖాలను ఓడ ముక్కుకు రెండు వైపులా పొదిగించారు. మాఘ పౌర్ణమి పొద్దున దొంగల ఓడలు కనిపించాయి. చుక్కాని దగ్గర ఇద్దరు సెట్లు నిలబడ్డారు, ఒకరికి చూపు లేదు, ఒకరికి భయం పోలేదు. తెడ్లు పడ్డాయి. మొగ దగ్గరికి వచ్చేసరికి, తండ్రిని మింగిన ఆ చోటును ఎదురుగా చూసి బొల్లన దారి చెప్పడం మరిచిపోయాడు. ఓడ ఇసుకమేట మీదికి పోతోంది. వెన్నమ చుక్కాని కదపకుండా చెవి మాత్రం అతని వైపు తిప్పి నిలబడ్డాడు.

“ఎడమన తెలుపు,” అన్నాడు బొల్లన.

నురగ ఎడమన లేస్తున్నదని అర్థం. చుక్కాని తిరిగింది. ఓడ మేటను రాసుకుంటూ దాటిపోయింది. ఆ తర్వాత బొల్లన మాట ఆగలేదు. ఓడను బయటి దాకా నడిపించి, దొంగలకు చూపించి, భయపడి పారిపోతున్నట్టు వెనక్కు మళ్లించాడు. పోటు తగ్గి నీరు కడలిలోకి వెనక్కు తీస్తున్న వేళ అది. వెంటపడిన దొంగల ఓడలు ఒకదాని వెనక ఒకటి కొత్తగా వేసిన మేటల మీదికెక్కి కూరుకుపోయాయి. పెద్ద ఓడ ఒక్కటి మాత్రం తప్పించుకుని ఎదురొచ్చింది. ఓడను దాని పక్కకు తిప్పించి బొల్లన “సూటిగా” అన్నాడు. మన ఓడ ముక్కు దాని పక్కటెముకల్లోకి దిగింది, దిగి విరిగిపోయింది. దొంగ ఓడ మునిగింది. మన తెడ్లవాళ్లు ఒక్కరు కూడా తగ్గకుండా ఒడ్డు చేరారు. వస్తూ వస్తూ, మేటలకెక్కిన దొంగల ఓడల్లో గొలుసులతో తెడ్లు లాగుతున్న మన పిల్లలను కూడా విడిపించి తెచ్చారు.

మర్నాడు చూస్తే మన ఓడ ముక్కు, ఇప్పుడు గుడి ఉన్న ఈ ఇసుకదిబ్బ మీద నిలువుగా నాటుకుని, కళ్లతో కడలిని చూస్తూ ఉంది. మళ్లీ ఓడకు బిగిద్దామని ఊరంతా కలిసి లాగినా కదలలేదు. అమ్మ ఇక్కడే ఉండదలచుకున్నదని గ్రహించి గుడి కట్టి, ఓడకన్నులమ్మ అని కొలిచారు.

పెద్దలు బొల్లనతో, నీ ఇల్లు నువ్వు తీసుకోవచ్చునన్నారు. అతను కామసాని వైపు చూశాడు. ఆమె అప్పటికే తెడ్లవాళ్లకు గంజి పోస్తూ, ఈ వాకిలి వదిలి వచ్చే తీరిక లేదని చెప్పింది. బొల్లన తిరిగి అడిగినది ఏమీ లేదు. తాను వదిలి వచ్చిన ఇంటికి వెళ్లి, వెన్నమ కోసం వాకిలి నుంచి నూతి దాకా, నడుము ఎత్తున ఒక మోకు తన చేత్తో కట్టి వచ్చాడు. గుడిలో మనం పట్టుకుని నడిచే మోకు దానికి గుర్తు.

నేటికీ మాఘ పౌర్ణమినాడు ఈ ప్రాంతంలో కలిగిన ఇంటివారిలో ఒకరు ఓడపెద్ద అవుతారు. కొత్త మోకులు, తెడ్లు చేపలవేటకు వెళ్లేవారికి సమర్పించి, తెడ్లవాళ్లందరికీ గంజి పోసి, తామే పడవ ఎక్కుతారు. బదులు మనిషిని పంపితే అమ్మ స్వీకరించదు. చుక్కాని కిందటేటి ఓడపెద్ద చేతిలో ఉంటుంది. ఆయన కళ్లకు గంతలు కడతారు. దారి చెప్పవలసినది కొత్తవారు. అమ్మను కొలిచినవారికి కంటిజబ్బులు నెమ్మదిస్తాయని, నీటిగండాలు తొలగుతాయని, భయం మిగిలి ఉన్నా అడుగు ముందుకు పడుతుందని ఇక్కడివారి నమ్మకం.

యాత్రికులకు ఒక మనవి. పడవ మొగ దాటే వేళ ఒడ్డున ఉన్నవారు కేకలు వేయరాదు, చప్పట్లు కొట్టరాదు, పిల్లలను ఎత్తుకుని ఊరుకోబెట్టాలి. గంతలు కట్టుకున్న మనిషికి ఒక్క గొంతే వినిపించాలి.