తడిసిన సారపప్పు

అనగనగా ఒక అడవిలో, మీ అమ్మలాగా నాలాగా ఎప్పుడూ అలసిపోయి ఉండే ఉడుతల జంట ఒకటి ఉండేది. మగ ఉడుత పేరు గురవయ్య. ఆడ ఉడుత పేరు పేరమ్మ. ఒక మద్దిచెట్టు తొర్రలో వాళ్ల కాపురం. పేరమ్మకి నెలలు నిండుతున్నాయి. వానాకాలం దగ్గర పడుతోంది. వానలు పట్టుకుంటే బయట గింజ దొరకదు. తొర్రలో దాచుకున్నదే తిండి.

అందుకని పెళ్లయిన కొత్తలోనే ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. వేసవిలో తెచ్చిన సారపప్పు కొంచెం తిని, మిగతాది దాచాలి. రేగుగింజల్లో మంచివి ఏరి వాగుగట్టున పాతాలి. అవి చెట్లయితే ముందుముందు పిల్లలకు పనికొస్తాయి. మాట అనుకోవడం తేలికే. పొద్దున లేచింది మొదలు కొమ్మ కొమ్మా తిరగాలి. తెచ్చింది చూసి చూసి తినాలి. సగం కడుపుతో పడుకోవాలి. ఆ ఉడుతలకి బుద్ధి ఉంది, సుఖమే లేదు. నాకైతే జాలేస్తుంది.

ఒకరోజు నెమలి వచ్చింది.

"పేరమ్మా, నా ఈక ఒకటి నీ గుమ్మానికి కట్టుకో. అడవంతా మీ ఇంటివైపే చూస్తుంది. దోసెడు పప్పు ఇస్తే చాలు" అంది.

పేరమ్మకి ఈక మీద మనసు పోయింది. కాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది.

"చూసేవాళ్లు చూసి పోతారు. మనకేం పెడతారు?" అన్నాడు గురవయ్య.

"నిజమే. వద్దులే వదినా" అని పేరమ్మ ఈక తిరిగి ఇచ్చేసింది.

తర్వాత నక్క వచ్చాడు.

"ఊరికే దాచుకుంటే ఏమొస్తుంది గురవయ్యా? ఆ పప్పు నాకివ్వు. పున్నమికల్లా రెట్టింపు తెచ్చిస్తా" అన్నాడు.

"ఎలా తెస్తావు బావా?"

"అది నీకెందుకు?"

"అయితే వద్దు. నా రేగుమొక్కలు ఎదగడం నా కళ్లతో చూస్తున్నా. ఆలస్యమైనా అవే నయం" అన్నాడు గురవయ్య. నక్క నేరుగా కుందేలు దగ్గరికి పోయాడు. పాపం, ఆ కుందేలు ఇప్పటికీ అతని కోసం వెతుకుతోంది.

రెండుసార్లూ వద్దనడమే మంచిదయింది. చిక్కంతా అక్కడే వచ్చింది. గురవయ్యకి ఏదడిగినా వద్దనడం అలవాటైపోయింది.

మూడోసారి వడ్రంగిపిట్ట వచ్చాడు. తొర్ర పైభాగం ముక్కుతో కొట్టి చూశాడు.

"అల్లుడూ, ఇక్కడ చెక్క పుచ్చిపోయింది. పెద్దవాన వస్తే నీళ్లు సరాసరి నీ పప్పు మీదికే. పుచ్చు తీసేసి, గట్టి బెరడు బిగించి, బంక మెత్తుతాను. కూలి రెండు దోసెళ్లు" అన్నాడు.

"అంతా? వచ్చే ఏడు చూద్దాంలే మామా" అన్నాడు గురవయ్య.

"చేయిద్దామయ్యా. నెమలి ఈక లాంటిది కాదుగా ఇది" అంది పేరమ్మ.

"పిల్లలొస్తున్నారు. ఈ పప్పు ఎంత కష్టపడి తెచ్చామో నీకు తెలీదా? పోయినేడు ఆగిన తొర్ర ఈ ఏడు ఆగదా?"

పేరమ్మకి ఆ కష్టం తెలుసు. తన మాటే సరైనదని కూడా తెలుసు. కానీ పొద్దుటి నుంచీ తిరిగి వచ్చింది. నడుం లాగేస్తోంది. వాదించే ఓపిక లేదు.

"నీ ఇష్టం" అని అటు తిరిగి పడుకుంది. వడ్రంగిపిట్ట వెళ్లిపోయాడు.

పిల్లలు పుట్టారు. వానలు మొదలయ్యాయి. మొదట్లో ఏమీ కాలేదు. "చూశావా" అన్నాడు గురవయ్య. ఆ తర్వాత ముసురు పట్టి వదల్లేదు. ఒకరోజు పుచ్చు చెక్క విరిగి, నీళ్లు బడబడా లోపలికి పడ్డాయి. పిల్లల్ని నోట కరుచుకుని ఒక మూలకి చేర్చేసరికి పప్పంతా తడిసిపోయింది. ఆరబెడదామంటే ఎండ లేదు. బూజు పట్టి కంపు కొట్టింది.

వాన కాస్త తెరిపి ఇచ్చాక ఇద్దరూ కూర్చుని ఆ పప్పు బయట పారబోశారు.

"ఏమయ్యా, ఇదంతా మనం తినకుండా దాచిందే కదా" అంది పేరమ్మ.

"అవును."

"ఆకలేసినప్పుడు తినేసినా కడుపన్నా నిండేది."

గురవయ్యకి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నువ్వు ఇంకోసారి గట్టిగా చెప్పాల్సింది" అన్నాడు.

"ఓపిక లేకపోయింది. అది నా తప్పే. ఒక్కసారి చెప్తే వినకపోవడం నీ తప్పు" అంది పేరమ్మ. ఆమెకి కోపం కూడా రాలేదు. అంత అలసిపోయి ఉంది.

రేగుచెట్లు చలికాలానికి గానీ కాయవు. అందాకా ఎలాగో నెట్టుకురావాలి. గురవయ్య తడుస్తూ రోజంతా తిరిగి గుప్పెడు గింజలు తెచ్చాడు. పిల్లలు ఏడుస్తున్నారు. పేరమ్మ ఆ గింజల వైపు చూసింది. పైన కారుతున్న కన్నం వైపు చూసింది.

"మామని పిలుచుకురా" అంది.

ఈసారి గురవయ్య వద్దనలేదు. వడ్రంగిపిట్ట తడుస్తూనే పుచ్చు తీసి, బెరడు బిగించి, బంక మెత్తాడు. దొరికిన ఆ గుప్పెడు గింజలూ అతని ముందు పెట్టారు. మిగతా కూలి రేగు కాసినప్పుడు ఇమ్మన్నాడు. ఆ పూట ఇద్దరూ పస్తు పడుకున్నారు. బయట వాన కురుస్తూనే ఉంది. పిల్లలు మాత్రం పొడిగా, వెచ్చగా నిద్రపోయారు.

నీతి: అక్కర్లేనిదానికి వద్దనడం పొదుపు. అవసరమైనదానికీ వద్దంటే, పొదుపు చేసిందంతా దండగే.