ఎండిన సముద్రానికి యజమాని

ఆఫ్రికా తూర్పు తీరం నుంచి తెరచాప ఎత్తితే పూటలో చేరే చిన్న దీవి అది. కొబ్బరిచెట్లు, నలభై గడపలు, కొన్ని గాడిదలు. రోజూ సముద్రం వెనక్కి తగ్గగానే ఆడవాళ్లు ఇసుకలోకి నడిచివెళ్లి గుంజలు పాతి, తాళ్లకు నాచు కట్టి పెంచుతారు. ఎవరు గుంజ పాతితే ఆ నేల వాళ్లది.

ఆ పొద్దున కోడి జుహురా తన పిల్లల్ని లెక్కపెట్టుకుంది. ఏడుండాలి, ఆరే ఉన్నాయి.

ఏడోది బకారి పంజా కింద ఉంది. బకారి నిన్న సాయంత్రం పట్నం నుంచి బియ్యం పడవలో దిగిన పిల్లి.

"వదిలెయ్యండి దొరా, పసిది."

"పసిది కాబట్టే పట్టుకున్నా. ముదురు కోడి నా పళ్లకు పడదు."

గోడ పక్కన ముసలి గాడిద నమలడం ఆపింది. "పట్నంలో తిండి దొరకలేదా నాయనా?"

"నోర్ముయ్ తాతా! పట్నంలో మా వాకిలే ఈ దీవంత ఉంటుంది."

జుహురా అరవలేదు. అరిస్తే పంజా బిగుస్తుంది. నీళ్లు తగ్గిన ఇసుక వైపు చూసింది.

"అంత వాకిలి చూసినవారు ఈ ఇరుకు పెరట్లో ఎలా ఉంటారండీ? అదిగో, చివరి గుంజ అవతల అంతా ఖాళీయే."

పిల్లి కళ్లు పెద్దవయ్యాయి. "నిన్న అక్కడ సముద్రం ఉంది కదా!"

"ఇవాళ లేదుగా."

"ఎండిపోయిందా?"

"కోడిని, నాకేం తెలుసు? గుంజ పాతినవాళ్లదే నేల, అంతే తెలుసు."

"నా దగ్గర గుంజ లేదే."

"అయితే తమరే గుంజలా నిలబడాలి. నాలుగు కాళ్లూ ఇసుకలో దిగేసి, తోక నిటారుగా పెట్టి. గుంజ కదలదు కదండీ. గుంజ పంజాలో కోడిపిల్ల ఉండదు కదండీ."

గాడిద గట్టిగా దగ్గింది. "కళ్లు మూసుకోవాలి. అది చెప్పలేదేం?"

"దీన్ని వచ్చాక తింటా," అంటూ పిల్లను వదిలేసి బకారి పరుగందుకుంది.

ఆడవాళ్లు నాచు తట్టలు ఎత్తుకుని ఇళ్లకు తిరిగారు. పోటు మొదలైంది.

"ఎవర్రా నా పొలానికి నీళ్లు పెడుతున్నది?" కళ్లు తెరవకుండానే కేకేసింది పిల్లి.

కడుపు తడిసింది. కదల్లేదు. కదిలితే నేల పోతుందిగా. మీసాలు మునిగాక మాత్రం ఒక్క దూకు దూకి, ఆఖరి గుంజ ఎక్కి, నెత్తిన నాచుతో ఏడుపు లంకించుకుంది.

పట్నం వెళ్లే పడవవాళ్లు జాలిపడి దాన్ని బుట్టలో వేసుకున్నారు.

"మళ్లీ ఎప్పుడు దొరా?" ఒడ్డు నుంచి అరిచింది గాడిద. "అందాకా మీ పొలం ఎవరు చూస్తారు?"

జుహురా అటు చూడలేదు. పిల్లల్ని లెక్కపెట్టుకుంది. ఏడు. మళ్లీ లెక్కపెట్టుకుంది. ఏడు.

నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియని చోట నేల మీద పెత్తనం చేయకూడదు.