కళ్లలో పెద్ద ఎవరు

ఒకప్పుడు మనిషి రెండు కళ్లలో పెద్దా చిన్నా లేదు. రెండూ తామే పెద్దలమనుకునేవి. ఇద్దరు పెద్దలున్న ఇంట్లో పని ఎంత చక్కగా సాగుతుందో మీరే ఊహించుకోండి.

కొండనో ఏనుగునో చూడ్డానికి ఇబ్బంది లేదు. అంత పెద్దవి ఎవరు చూసినా కనిపిస్తాయి. చిన్నది, దూరంగా ఉన్నది చూడాల్సి వస్తేనే తంటా. పిట్ట ఇక్కడుంది అనేది కుడికన్ను. కాదు, కాస్త అవతలుంది అనేది ఎడమకన్ను. మధ్యలో ముక్కు అడ్డంగా ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే రెండూ జుట్టు జుట్టు పట్టుకునేవి. కళ్లకు జుట్టెక్కడిది అంటారా? రెప్పలకు ఉంది కదా.

ఆ రోజుల్లో ఒక కొండవాలులో సుక్కయ్య అనే రైతు జొన్న వేశాడు. కిందటేడు వానలు లేక ఇంట్లో గాదె అడుగంటింది. ఇప్పుడు చేలో ఉన్న కంకులే ఆ ఇంటికి తిండి. అవి కూడా పోతే సుక్కయ్య, అతని పెళ్లాం పోలమ్మ, చంకలోని పసిది, ముగ్గురూ అడవిదుంపలు తవ్వుకుని బతకాలి.

కంకులు పాలు పోసుకున్నాయో లేదో చిలకలు దిగాయి. సుక్కయ్య మంచె ఎక్కి, ఉండేలులో మట్టి ఉండ పెట్టి, గురి చూశాడు. ఇక్కడ కొట్టమంది కుడికన్ను. అక్కడ కొట్టమంది ఎడమకన్ను. ఎవరినీ నొప్పించడం ఇష్టంలేని ఆ అమాయకుడు రెంటికీ మధ్యలో కొట్టాడు. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు.

చిలకలు ఎగిరిపోలేదు సరికదా, పెద్ద చిలక తన పిల్లలకు ధైర్యం చెప్పింది. "నింపాదిగా తినండి. ఆ రెంటికీ రాజీ కుదిరేలోగా మనం తినేసి, వాగులో నీళ్లు తాగి రావచ్చు" అంది.

రోజూ ఇదే వరస. చేలో సగం కంకులు ఖాళీ అయ్యాయి. సిగ్గున్న కళ్లయితే అప్పుడైనా ఒక మాట మీదికి వచ్చేవి. ఇవి రాలేదు. పంచాయితీ పెట్టమన్నాయి.

ఊరిపెద్ద అప్పలసూరి తలపాగా సర్దుకుంటూ చేనిగట్టుకు వచ్చి కూర్చున్నాడు. కుడికన్ను గొంతు సవరించుకుంది. అన్నం తినేది కుడిచెయ్యి, కొత్తింట్లో ముందు పెట్టేది కుడికాలు, కాబట్టి చూపులో పెద్దరికం కుడికన్నుదేనని వాదించింది. ఎడమచేతికి అప్పగించిన పని ఏమిటో కూడా గుర్తుచేసింది. ఆ పని నేను చెప్పను, మీకు తెలుసు.

"అవును మరి. కుడి అంటే కుడే" అన్నాడు అప్పలసూరి.

అదీ ఆయనగారి తీర్పు. ఇందులో పిట్టను చూసేదెవరు, చూడనిదెవరు అని ఒక్క ముక్క అడగలేదు. అంత బుర్రే ఉంటే తలపాగా అంత పెద్దది ఎందుకు చుట్టుకుంటాడు?

ఎడమకన్ను మీద గుడ్డ కట్టారు. కుడికన్ను ఒక్కటే గురి చూసింది. దానికి చూడ్డం ఎక్కడ వచ్చు? ఇన్నాళ్లూ దాని చూపు పిట్ట మీద ఉంటే కదా. ఎడమకన్ను ఏం చేస్తోందో కనిపెట్టడంతోనే దాని కాలమంతా గడిచిపోయింది. ఉండ వెళ్లి, పోలమ్మ అప్పుడే తెచ్చి గట్టున దించిన అంబలి కుండకు తగిలింది. కుండ పగిలింది. ఆ పూటకు వాళ్లకున్న తిండి అదొక్కటే.

కుడికన్ను ఏమందో తెలుసా? కుండ అక్కడ పెట్టడం పోలమ్మ తప్పంది.

పోలమ్మకు ఒళ్లు మండింది. కుండ కదలకుండా నెత్తిన పెట్టుకునే గడ్డి చుట్ట, చుట్టకుదురు, ఇంకా ఆమె తలమీదే ఉంది. దాన్ని తీసి మొగుడి చేతిలో కుక్కింది. దాని నడుమ ఉన్న కన్నంలో ఒక్క కన్ను తప్ప రెండు పట్టవు.

"ఆ గుడ్డ ఇప్పీ మావా. సెయ్యి సాపి, రెండు కళ్లూ తెరిసి, ఈ కన్నంలోంచి ఆ పెద్ద సిలకని సూడు. సిలక కన్నం దాటి పోకుండా ఎమ్మదిగా మొకం కాడికి తే. ఎవులి కాడికొత్తే ఆలే పెద్ద. ఇంక తగువొగ్గేసి పని సూడు" అంది.

సుక్కయ్య చెయ్యి చాపాడు. చిలక కన్నంలో కుదిరింది. చుట్టకుదురు దగ్గరికి, ఇంకా దగ్గరికి వచ్చింది. వచ్చి తిన్నగా ఎడమకన్ను ముందు ఆగింది.

కుడికన్ను ఊరుకుంటుందా? మళ్లీ చూడమంది. మళ్లీ ఎడమకన్ను దగ్గరికే వచ్చింది. చెయ్యి పక్షపాతం చూపిస్తోందని గోలపెట్టింది. పోలమ్మ ఆ చెయ్యి పట్టుకుని పైకెత్తి చూపించింది. అది కుడిచెయ్యి.

"నీ పక్క సెయ్యే నిన్ను కాదంది. సూసినోల్ల కాడికే పోయింది. సూడకుండా పెద్దరికమేటి నీకు" అంది.

కుడికన్ను సిగ్గుతో రెప్ప దించేసింది. ఎడమకన్ను ఒక్కటే చూసింది. ఉండ రివ్వున వెళ్లి పెద్ద చిలక ముక్కులోని కంకిని ఎగరగొట్టింది. చిలకలన్నీ కొండ అవతలికి పారిపోయాయి.

మిగిలిన సగం పంట ఇంటికి చేరింది. పసిదానికి జొన్న సంకటి దొరికింది. పోయిన సగం ఎవరు తిన్నారంటే చిలకలని చెప్పకండి. ఆ రెండు కళ్ల గొప్పలు తిన్నాయి.

తర్వాత ఊళ్లో అందరూ ఒకరి తర్వాత ఒకరు చుట్టకుదురు పట్టుకుని చూసుకున్నారు. ఎక్కువమందికి అది కుడికన్ను దగ్గరికి వచ్చింది. కొందరికి ఎడమకన్ను దగ్గరికి వచ్చింది. అప్పలసూరికి వచ్చింది ఎడమకన్ను దగ్గరికే. ఆయన అటూ ఇటూ చూసి, ఎవరూ గమనించలేదనుకుని, దాన్ని మెల్లగా కుడికన్ను ముందుకు జరుపుకున్నాడు. చచ్చేదాకా ఆయన ఉండేలుకు ఈగ కూడా జంకలేదు.

అప్పటినుంచే మనిషి కళ్లలో ఒకటి ముందు నడిచేది, ఒకటి వెనక వచ్చేది అయ్యాయి. సూదిలో దారం ఎక్కించినా, కెమెరా కన్నంలోంచి చూసినా, ముందు నడిచే కన్ను తనంతట తానే ముందుకు వెళుతుంది. రెండోది రెప్ప దించుకుంటుంది. కెమెరాకు ఎడమకన్ను పెట్టిన పిల్లల్ని "కుడికన్ను పెట్టు" అని గదమాయించే పెద్దమనుషులు పుట్టిందీ అప్పటినుంచే. వాళ్లు తీసిన ఫోటోలు ఒకసారి చూడండి. అందులో ఎవరికీ తలకాయలుండవు, తీసినవాళ్లకు లాగే.