గంగులు దర్జా, నాంచారి కొవ్వు

అనగనగా ఒక అడవిలో రోడ్డు పడింది. రోడ్డు మీద కార్లు వచ్చాయి. కార్లలోంచి చిప్సు, లడ్డూలు, తీపి బన్నులు వచ్చి పడ్డాయి. కోతులు చెట్లెక్కడం మానేసి రోడ్డు పక్కన కూర్చున్నాయి. ఏడాది తిరిగేసరికి మూకంతటికీ పొట్టలొచ్చాయి.

గంగులు అనే మగకోతికి పొట్ట వస్తే "దర్జా వచ్చింది" అన్నారు. అతని భార్య నాంచారికి వస్తే "కొవ్వెక్కింది" అన్నారు. పొట్ట ఒకటే పిల్లలూ, పేర్లే రెండు.

నాంచారి అందరూ తిన్నాక తినేది. మొగుడు వదిలేసింది, పిల్ల కొరికి పారేసింది, అత్త నమల్లేనిది, అన్నీ ఆమె పొట్టలోకే.

"పారేస్తే కళ్ళు పోతాయే" అనేది అత్త.

ఒకరోజు నాంచారి పిల్లను పొట్టకు హత్తుకుని పక్క చెట్టు మీదికి దూకింది. కొమ్మ అందీ అందక పిల్ల జారింది. తోక పట్టి ఆపింది గానీ, నాంచారికి ఆయాసం ఆగలేదు. ఆ అడవిలో చిరుత కూడా ఉంది మరి.

"ఈ ఒంటికేదన్నా దారి చెప్పండి" అని అందరినీ అడిగింది.

అత్త అంది: "శనివారం ఉపవాసం ఉండు. మొగుడికి మంచిది."

నక్క వైద్యుడు అన్నాడు: "ఆడవాళ్ళు కూర్చుని తింటున్నారమ్మా, అదే జబ్బు." అని, కూర్చునే ఇంకో లడ్డూ తిన్నాడు.

గంగులు పొట్ట నిమురుకుంటూ అన్నాడు: "నోరు కట్టుకోవే. ముందు ఆ బన్ను ఇలా తే."

నాంచారి తెచ్చింది. అతను సగం కొరికి, మిగతాది అలవాటుగా ఆమె ముందుకు తోశాడు. ఆమె దాన్ని తీసి లోయలోకి విసిరింది.

"అయ్యో, కళ్ళు పోతాయే" అంది అత్త.

"కాళ్ళు పోతున్నాయత్తా. నా పొట్ట మీ అందరి చెత్తకుండీ కాదు. రేపట్నుంచి నేనూ నా పిల్లా మేడిపళ్ళకు గుట్టెక్కుతాం. మీరూ రండి."

అత్త గొణుక్కుంటూనే వెంట నడిచింది. గంగులు నవ్వాడు. "రాజులెక్కడన్నా గుట్టలెక్కుతారా?"

వానాకాలం పోయేసరికి నాంచారికి ఆయాసం తగ్గింది. పొట్ట కాస్త మిగిలే ఉంది, ఉండనీ. దూకే సత్తువ మాత్రం తిరిగొచ్చింది.

అప్పుడొచ్చింది చిరుత. నాంచారి పిల్లతో దూకింది. కొమ్మ ఊగి నిలిచింది. అత్తా ఎలాగో దూకింది. గంగులు కూడా కొమ్మ పట్టాడు. అది ఫెళ్ళుమంది.

చిరుత అతన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎంత దర్జాగా ఉన్నాడో. రెండు పూటలకు వస్తాడు" అంది.

నీతి: మగవాడి పొట్టను దర్జా అన్నా, ఆడదాని పొట్టను కొవ్వు అన్నా, విరిగే కొమ్మకు ఆ తేడా తెలియదు.